ఒక్క ఊపిరిలో పలకవలసిన సమాసం

నిన్న మా పై అంతస్తులో ఉండే సంగీతం మాస్టారు లిఫ్టు దగ్గర కనిపించి, తన గుండె లయ తప్పితే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి సరిచేశారనీ, మూడోనాటికి ఇంటికి వచ్చేశాననీ, పన్ను పీకించుకున్నవారి ధోరణిలో చెప్పారు. సంతోషించాను. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం మా బావగారు గుర్తుకు వచ్చారు. నా ఈడువారికి ఈ సంగతి అనుభవమే అయి ఉంటుంది; ఇతరుల శుభవార్తలు ఒక్కొక్కప్పుడు మన పాత దుఃఖాలను వెతుక్కుంటూ వస్తాయి.

తొంభైల తొలినాళ్ళలో మా అక్కగారు, బావగారు మద్రాసునుంచి హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. బావగారిది తెలుగు రాని కథానాయకులకు గొంతు అరువిచ్చే వృత్తి. నేను మధురానగర్‌లో ఉంటూ కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. వేసవి సెలవుల్లో జూబిలీహిల్స్ గుట్టమీది ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఉచ్చారణ దిద్దే పనికి వెళ్ళేవాణ్ణి. ఆ రోజుల్లో దృశ్యాన్ని చిన్న చిన్న ఫిల్ము చుట్టలుగా కత్తిరించి, పెదవికి మాట అతికేదాకా ఒక్కొక్క చుట్టనే తెరమీద తిప్పుతూ ఉండేవారు. నటుడి పెదవి ఎంతసేపు కదిలితే అంతసేపు గొంతు ఆగరాదు.

ఒక వేసవిలో అక్కడే బావగారు ఒక జానపద చిత్రంలో కథానాయకుడికి గొంతు ఇస్తున్నారు. సంభాషణల నిండా దీర్ఘసమాసాలు. సమాసం నడుమ ఊపిరి తీయడం నా దృష్టిలో అపచారం. ఎన్నడూ తడబడని బావగారు ఆ వేసవిలో ఆయాసపడసాగారు. నేను దానిని అశ్రద్ధ అనుకొని, మళ్ళీ మళ్ళీ చెప్పించాను. శబ్దగ్రాహకుడు హైదరాబాదు మనిషి. చెవులకు పెట్టుకున్న యంత్రం తీసి నా వైపు తిరిగాడు.

“పంతులూ, మాట మంచిగనే ఉంది గానీ సార్‌కు ఊపిరి అందుతలేదు. జర కూసోబెట్టరాదు?”

అద్దానికి అవతలినుంచి బావగారే నవ్వారు. “ఊరుకోవయ్యా, మా బావమరిదికి సమాసం విరిగితే కాలు విరిగినంత బాధ. తిప్పు, తిప్పు!”

చివరికి అక్కగారి పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళారు. చిన్ననాటి కీళ్ళజ్వరం గుండెలోని ఒక కవాటాన్ని ఇరుకు చేసిందనీ, దానివల్ల పైగది లయ తప్పి వణుకుతోందనీ, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చుననీ శస్త్రవైద్యుడు చెప్పాడు. కవాటం మార్చేటప్పుడే ఆ పైగదిని కొన్ని గీతల వెంబడి కోసి తిరిగి కుట్టవచ్చునట. ఆ మచ్చలు దారితప్పిన స్పందనలకు అడ్డుకట్టలై లయ తిరిగి రావచ్చునట. మన దేశంలో అప్పటికి కొత్త చికిత్స అది. రక్తం పలచబడే మాత్రలిచ్చి, ఆలస్యం వద్దన్నాడు. మరుసటి వారానికి ఆసుపత్రిలో మంచం కూడా కుదిరింది.

ఆ సాయంత్రం ఫిలింనగర్ దారిలో టీకొట్టు దగ్గర నిలబడి బావగారు నన్నడిగారు. “ఇంకా నాలుగు రీళ్ళే కదోయ్. నువ్వేమంటావు?” మాట తేలికగానే ఉంది, చూపు మాత్రం నా ముఖంమీదనుంచి కదలలేదు. చిత్రంలో కొంతదాకా ఒక గొంతు, ఆపైన మరొకటి అయితే ప్రేక్షకులు నవ్వుతారనీ, మొదటినుంచి వేరొకరిచేత చెప్పిస్తే ఇంత చక్కని ఉచ్చారణ మళ్ళీ రాదనీ, పది రోజుల పని ముగించుకుని వెళ్ళడం మేలనీ చెప్పాను. నా మాటల అందం నాకే ముచ్చటగా తోచింది. బావగారు తలూపి, గ్లాసు కింద పెట్టారు.

ఎనిమిదోనాటి ఉదయం, మిగిలిన నాలుగింటిలో మూడో రీలు చెబుతూ, ఒక పెద్ద సమాసం సగంలో ఆయన ఆగిపోయారు. మరిచారనుకొని తర్వాతి పదం అందించాను. పలకలేదు. మళ్ళీ అందించాను.

“మిషన్ బంద్ చెయ్‌రి! పంతులూ, సార్ మూతి వంకర పోతుంది, చూస్తలేవా?” అంటూ శబ్దగ్రాహకుడు నన్ను తోసుకుని లోపలికి పరుగెత్తాడు.

పక్షవాతం కుడిచేతితోపాటు మాటను కూడా తీసుకుపోయింది. నిర్మాత నాలుగే రోజుల్లో ఆ పాత్ర మొత్తానికి మొదటినుంచి మరొకరిచేత చెప్పించాడు. చిత్రం విడుదలైంది. ఎవరూ నవ్వలేదు; ఎవరికీ తేడా తెలియనే లేదు.

కొన్ని నెలల తర్వాత ఆ శస్త్రచికిత్స జరిగింది. వైద్యుడు గుండె కొట్టుకోవడాన్ని యంత్రం గీసిన కాగితంమీద సమదూరంలో నిలిచిన గీతలు చూపించి, లయ పూర్తిగా కుదిరిందన్నాడు. అక్కగారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. బావగారు నన్ను చూసి ఏదో వేళాకోళం ఆడబోయారు. ఆ పాత నవ్వు పెదవి చివర మెరిసింది గాని, అర్థంలేని రెండక్షరాలు తప్ప ఏమీ రాలేదు. నేను తల దించుకున్నాను. ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికారు. తప్పు నాదని ఒప్పుకోవడానికి ఎన్నోసార్లు కృష్ణానగర్ వెళ్ళాను. ప్రతిసారీ పేపరు చదివి వినిపించి, వచ్చేశాను.

ఇప్పుడు రొమ్ము కోయకుండానే చాలామందికి లయ సరిచేస్తున్నారు. డబ్బింగ్‌లో ముక్కముక్కగా చెప్పినా యంత్రం అతుకు కనబడకుండా కలుపుతుందట. ఎక్కడైనా హాయిగా ఊపిరి తీసుకోవచ్చు. ఈ మార్పులన్నీ మంచివే. అయితే ఆ సాయంత్రం బావగారు నా ముఖంలోకి చూస్తూ నిలబడినప్పుడు వీటిలో ఏదీ అవసరం లేకపోయింది. “వెళ్ళండి బావా” అంటే సరిపోయేది.