ఎరుపుకు ఒక వైపు

పోయిన ఆదివారం తిరుపతిలో వదిన కూతురి ఇంట్లో, భోజనాలయ్యాక, ఆ పిల్ల వదిన చేతా నా చేతా కూనిరాగం తీయించి ఫోనుకు వినిపించింది. మా గొంతులు ఇప్పుడెలా ఉన్నాయో మాకు తెలుసు. అయినా ఫోను జాలిపడినట్టుంది, ముప్పయ్యేళ్ళుగా మాకు పేరు కూడా తెలీని ఆల్బమ్‌ను పట్టుకొచ్చి ముందు పెట్టింది. "ఈ రకం పాటల్ని డార్క్‌వేవ్ అంటారత్తా" అన్నది పిల్ల. జబ్బు నయమయ్యాక పేరు చెప్పినట్టయింది నాకు. మొదట గంట మోగింది. తర్వాత మంచులో తడిసిన గిటారు, నూతిలోంచి వస్తున్నట్టు డోలు, వాటి మీద ఏ భాషా కాని ఒక ఆడగొంతు. పాటకంటే ముందు నాకు ఒక వాసన గుర్తొచ్చింది, కరక్కాయ, గేదెపాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ వాసన.

అది శ్రీకాళహస్తిలో మా ఇంటి వాసన. నాయన కలంకారీ పని చేసేవాడు. వదిన నాయన చెల్లెలి కూతురు, నాకంటే ఒక్క ఏడాది పెద్దది. పని నేర్చుకోమని పాకాల నుంచి తెచ్చి మా ఇంట్లో పెట్టారు. గుడ్డలు కొనడానికి వచ్చిన ఒక విదేశీ ఆవిడ మా ఇద్దరి చేతుల మరకలు చూసి ముచ్చటపడి, వెళ్తూ వెళ్తూ ఆ క్యాసెట్టు ఇచ్చి పోయింది. మా ఇంటి టేప్‌రికార్డరులో అంతదాకా భజనలే తిరిగేవి. ఇది తిరిగిన మొదటి రోజు వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చి, "ఎవురింట్లో మే పోయినారు?" అన్నది. వదినకూ నాకూ మాత్రం మత్తెక్కింది. ఆ గొంతు ఏం చెబుతోందో తెలీదు గనక మాకు కావలసిందల్లా చెప్పేది. మొహాలు గీసే ఇంట్లో పుట్టి నేను మోహంలో పడ్డాను. కళ్ళు మూసుకుంటే ఏ పాట ఎక్కడ ఆగిందో, ఏది మొదలైందో తెలిసేది కాదు, అంతా ఒకే పొగ.

నాయన మొదట విసుక్కున్నాడు. తర్వాత దాన్ని పనిలో పెట్టేశాడు. పటిక పూసిన చోట ఎరుపు పట్టాలంటే ఎర్రరంగు వేర్ల పొడి కలిపిన నీళ్ళలో గుడ్డను ఉడికించాలి. నాయన కంటితో చూసి దించేవాడు, మాకు ఆ కన్ను లేదు. ఒకసారి క్యాసెట్టు ఒక వైపు మొదలై ముగిసేలోగా ఎరుపు సరిగ్గా కుదిరింది. ఆనాటి నుంచి అదే మా గడియారం. మొదటి పాటలో గంట మోగగానే గుడ్డ కాగులో వేయాలి, టేపు అయిపోయి మీట టక్కుమని లేచినప్పుడు దించాలి. "ఆ యమ్మ ఏడుపు ఆపేదాకా గుడ్డ దించబాకండి" అని చెప్పి నాయన ఊరెళ్ళేవాడు.

మా ఇంట్లో గీతలు ఎవరైనా గీయొచ్చు, రంగులు ఎవరైనా నింపొచ్చు. మొహాలు మాత్రం ఒక్కరే గీయాలి. నాయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ పని నాకిస్తానన్నాడు. దానికి ముందు ఒక పెద్ద గుడ్డ మొదటి నుంచి చివరిదాకా నేనొక్కదాన్నే చేసి చూపాలి. నెలన్నర గీశాను. ఉడికించే రోజు నేను పొయ్యి ఊదుతున్నాను, టేప్‌రికార్డరు దగ్గర వదిన ఉంది. "వేసేయ్ మే, గంట మోగిపోయింది. పొయ్యి ఊదతా నువ్వే ఇనుకోలా" అన్నది. వేశాను. కళ్ళు మూసుకున్నాను. మీట లేచింది, దించాను. ఇద్దరం స్వర్ణముఖిలో జాడించి ఇసుకలో ఆరబెట్టాం. సాయంత్రం నాయన వచ్చి ఆ గుడ్డను చూశాడు. ఎరుపు ఉండాల్సిన చోటంతా జ్వరం తగ్గిన పెదాల రంగు.

నాయన అరవలేదు. "చెయ్యి మంచిదేనమ్మా. మనసే ఈడ లేదు. పాట ఆగకముందే దించేసినావు" అన్నాడు. ఆగాకే దించానన్నాను. వదిన వైపు చూశాడు. వదిన కాగు తోముతోంది, తల ఎత్తలేదు. నాయన మళ్ళీ ఉడికిస్తే గుడ్డ బాగుపడింది, నేను బాగుపడలేదు. మొహాలు వదినకు వెళ్ళాయి. నేను నాలుగేళ్ళు ఆ మొహాలకు పసుపూ నీలం నింపి, పెళ్ళయి పాకాల వెళ్ళిపోయాను. వదిన కాళహస్తిలోనే నిలిచింది. ఒక రకంగా ఊళ్ళు మార్చుకున్నాం. ఆ పాటల మత్తే నన్ను ముంచిందనుకుని, తర్వాత ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వలేదు.

ఆదివారం గంట మోగినప్పుడు వదిన పకపకా నవ్వింది. "మే, నీకింకా తెలీదు గదా. ఆ దినం నేను రెండో పాట నుంచి పెట్టినా. నీకు మొహాలిస్తే ఇంగ నాతో పనేముందని మామ నన్ను ఇంటికి పంపేస్తాడని బయం. చిన్నతనం గదబ్బా!" కూతురు నవ్వింది, అల్లుడు నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు గనక నేనూ నవ్వాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. మొహాలు గీసి గీసి సన్నబడిన వేళ్ళు. వాటిని తీసేయలేదు, పట్టుకోనూ లేదు. వదిన మీద కోపం కంటే, ప్రతి ఊపిరీ నాకు తెలుసని గొప్పలు పోయిన ఆ ఆల్బమ్‌లో ఒక పాటకు పాటే మాయమైతే గుర్తుపట్టని నా చెవుల మీద ఎక్కువ కోపం వచ్చింది. రైల్లో కూర్చున్నాక ఆ లెక్క తిరగబడింది.

పాకాల చేరేలోగా ఆ మొదటి పాటను రెండుసార్లు విన్నాను. ఏడు నిమిషాలు కూడా లేదు. ఆ గుడ్డ కాగులో తక్కువ ఉడికింది అంతసేపే. ఆ రోజు నేను పాట ఆగాకే దించానని నాయనకు రుజువు చేయడానికి ఆ ఏడు నిమిషాలు చాలు. ముప్పయ్యేళ్ళకు అవి నా చేతికొచ్చాయి. కూర్చుని వినడానికి నాయన లేడు.