ఖాదర్ అంకుల్ పాత వ్యాన్

ఇది ఇన్నేళ్లుగా నా గుండెల మీదే కూర్చుని ఉంది. దింపుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. అంతే.

2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయంతో పెట్టిన వైటూకే పని కోసం సిడ్నీ వచ్చాం. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ కూలిపోలేదు, నా ఉద్యోగం మాత్రం పోయింది. అద్దె కట్టలేక ఊరి చివర కారవాన్ పార్కులో, బండ్లలో ఉండేవాళ్ళకి స్థలాలు అద్దెకిచ్చే చోట, ఒక క్యాబిన్‌లోకి మారాం. నెలలు గడిచాయి. మేము ముందుండే క్వేకర్స్ హిల్‌లోని తెలుగు స్నేహితులు ఇప్పుడు ఎక్కడున్నారని అడిగితే, ఇల్లు మారుతున్నాం, మధ్యలో ఒక వారం ఈ పార్కులో సెలవు గడుపుతున్నాం అని చెప్పాను. "అయితే ఆదివారం మేమూ వస్తాం, ఆరుబయట బార్బెక్యూ పెట్టుకుందాం" అన్నారు. వద్దని ఎలా అంటాను?

పక్క స్థలంలో ఖాదర్ అంకుల్, ఆంటీ ఉండేవారు. కర్నూలు వాళ్ళు. వారాంతపు సంతల్లో బట్టలు అమ్మేవారు. పాత వ్యానే వాళ్ళ ఇల్లు. నిజానికి అంత పాత బండ్లకి పార్కులో చోటు లేదని రూలు. అద్దంలా తుడిచి ఉంచేవారు కాబట్టి మేనేజర్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆంటీ మాకు పప్పో కూరో పంపని రోజు లేదు. అంకుల్‌కి నోరు ఊరుకోదు, తెలుగు వినపడితే చాలు, పలకరించేస్తారు. ఆదివారం మా వాళ్ళతో, ఈ పిల్ల ఎన్నో నెలలుగా ఇక్కడే ఉంటోంది అనేస్తే?

ఆ భయం నన్ను నిలవనివ్వలేదు. అంకుల్, మా పరువు కాపాడండి అని ఒక్క మాట అంటే ఆయన నవ్వి ఊరుకునేవారు కదా, ఎందుకు అడగలేకపోయాను? నన్ను పెద్ద ప్రోగ్రామర్ అనుకునే మనిషి ముందు చిన్నబోవడం ఇష్టం లేకా? ఇప్పటికీ తెలియదు. పార్కు ఆఫీసుకి వెళ్ళి, ఆ వ్యాన్ మీ రూలుకి విరుద్ధం కదా అన్నాను.

మర్నాడే వాళ్ళని ఖాళీ చెయ్యమన్నారు. అంకుల్ నేరుగా నా దగ్గరికే వచ్చారు. సంతలో బేరానికి సరిపడా ఇంగ్లీషే ఆయనది.

"నువ్వొచ్చి ఒగ మాట చెప్పు తల్లీ. నీకైతే ఇంగ్లీషు బాగొస్తాది."

వెళ్ళాను. ఏ మొహంతో వెళ్ళానో! కౌంటర్ దగ్గర మేనేజర్ నన్నే చూస్తూ గబగబా ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు తల్లీ?"

"రూలు రూలే అంటున్నాడు అంకుల్. చెయ్యడానికేం లేదట."

ఆయన తల ఊపారు. "పోనీలే. నువ్వు నా కోసం అడిగితివి, అది చాలు."

చుట్టుపక్కల పార్కుల్లోనూ అదే రూలు. ఎక్కడికి పోవాలో తెలియకుండానే మధ్యాహ్నానికి వ్యాన్ కదిలింది. ఆదివారం స్నేహితులు వచ్చారు, తిన్నారు, చోటు బాగుందన్నారు. ఖాళీ అయిన ఆ జాగాలో వాళ్ళ పిల్లలు బంతాట ఆడారు. నేను నవ్వుతూనే ఉన్నాను. సిగ్గులేని నవ్వు.

తర్వాత ఉద్యోగం వచ్చింది, ఇల్లు కొన్నాం. ఇప్పటికీ రోడ్డు మీద పాత వ్యాన్ కనిపిస్తే మెడ తిప్పి డ్రైవర్‌ని చూస్తాను. ఆయనే అయితే ఏం చేస్తాను? క్షమించమని అడిగే అర్హత నాకు లేదు. కానీ ఆయన అడిగినదానికి అసలు జవాబు ఇంకా చెప్పనేలేదు.

ఆ రోజు మేనేజర్ నాతో అన్నది ఇది అంకుల్: "ఫిర్యాదు చేసింది మీరే కదా. మీరు వెనక్కి తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, ఆయన ఉండొచ్చు."

ఈ మాట తెలుగులో పైకి అనడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.