తాళం వేసిన ఇళ్ళ ఆదాయం

మొన్న తెనాలిలో మా వీధికి కుటుంబ ఆదాయాల సర్వే అంటూ ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. పక్కింటికి తాళం ఉండటం చూసి, "వాళ్ళు లేకపోతే పక్కింటిది రాసుకోమన్నారండి" అంటూ మా గేటు తీసింది. ఆ పిల్ల తప్పేమీ లేదు గానీ, ఆ ఒక్క మాటకు నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఉద్యోగంలో పైవాళ్ళ చేత మాటపడ్డ నా ఈడువాళ్ళకు ఎందుకో చెబితే అర్థమవుతుంది.

సర్వేల శాఖ కొలువులో చేరిన కొత్తలో నన్ను రేపల్లెలో వేశారు. ఒక్కో మండలంలో నడిమితరం కుటుంబం ఏడాదికి ఎంత సంపాదిస్తుందో అంచనా కట్టడం మా పని. ఎంపిక చేసిన ఇళ్ళన్నిటినీ అందరికన్నా పేద ఇంటి నుంచి అందరికన్నా కలిగిన ఇంటి దాకా వరసలో పెడితే, సరిగ్గా నడుమ నిలిచిన ఇంటి ఆదాయమే ఆ మండలానికి గుర్తు. సగటు తీస్తే నలుగురు బోటు యజమానుల వల్ల అంకె ఉబ్బిపోతుంది కనుక ఇదే న్యాయమైన పద్ధతని శిక్షణలో చెప్పారు, నేను నమ్మాను. ఆ అంకె ఒక గీతకు దిగువన ఉన్న మండలాలకే ఆ ఏడు పక్కా ఇళ్ళు ఇస్తామన్నారు.

నిజాంపట్నం దగ్గర ఒక పాలెంలో మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, తాటాకు ఇంట్లో ఉండేది. బాబాయి ఇంకొకరి బోటు మీద వేటకు వెళ్ళేవాడు. పిన్ని తెల్లవారకముందే హార్బరులో చేపల వేలంపాటకు పోయి, అటునుంచి అటే చేపలు ఎండబెట్టే చోటికి వెళ్ళి, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. పాలెంలో చాలామంది ఆడవాళ్ళ బతుకు అంతే. మేమేమో రేపల్లెలో టిఫిన్ తిని, తీరిగ్గా బస్సెక్కి వెళ్ళి, పొద్దు వాలకముందే తిరుగు బస్సు అందుకునేవాళ్ళం. ఎంపికలో పిన్ని ఇల్లు కూడా ఉంది. నేనే వెళ్ళి తలుపు కొట్టాను, తాళం. ఆ వరసంతా తాళాలే. నియమం ప్రకారం తాళం ఉన్న ఇంటికి బదులు మనిషి కనిపించిన ఇల్లు రాసుకోవాలి. పట్టపగలు ఇంటిపట్టున ఉండేది ఎవరు? బోటున్నవాళ్ళు, పాట పాడించే షావుకార్లు, కొట్టు ఉన్నవాళ్ళు. అట్లా వరసలో కింది ఇళ్ళు రాలిపోయి, నడిమిల్లు పైకి జరిగిపోయింది.

ఇది తప్పు, చీకటి పడేదాకా ఉండి రాస్తానని మా పై అధికారిని అడిగాను. ఆయన ఆఫీసంతా వినేట్టు, "ఏంటయ్యా, పిన్ని చేతి చేపల పులుసు తినటానికా సర్వే? నీ చుట్టాల్ని బీదోళ్ళని చెయ్యటానికి గవర్నమెంటు బత్తా ఇవ్వదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. పైకి అర్జీ పెట్టాను. దానికి జవాబుగా నన్ను ఊళ్ళు తిరిగే పని నుంచి తప్పించి, బాపట్ల ఆఫీసులో పాత సామాన్ల గది పక్కన ఒక బల్ల చూపించారు.

అంకె గీత దాటింది, ఇళ్ళు రాలేదు. పాలెంలో సభ పెట్టి జనం నిలదీస్తే, మీ ఇంటి అబ్బాయే కదా వచ్చి రాసుకుపోయింది అన్నాడట మా పై అధికారి, ఆ మహానుభావుడే. ఆ వానాకాలం గాలివానకు మట్టి గోడ బాబాయి మీద పడి నడుం విరిగింది. ఆ తరవాత ఆయన మంచం దిగలేదు. చూడటానికి వెళితే పిన్ని గడపలోనే నిలబడి, "నడిమింటోళ్ళు బానే తింటన్నారంటగా, ఇంక మాకెందుకురా ఇళ్ళు? వచ్చిన దారినే పో అబ్బాయ్" అంది. వాళ్ళింట్లో ఏ శుభకార్యానికీ నన్ను పిలవలేదు, బాబాయి పోయినప్పుడు కూడా కబురు పెట్టలేదు.

నిరుడు పిన్నిని తెనాలి ఆసుపత్రికి తెచ్చారని తెలిసి, పిలవకుండానే వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని, ఆ వరస సంగతీ, నడిమింటి సంగతీ, నేను తలుపు కొట్టిన సంగతీ అంతా చెప్పాను. చివరిదాకా విని, గోడవైపు తిరిగి, "పొద్దుగూకిందాకా అరుగు మీద కూకుంటే ఏం పోయేదిరా?" అంది. కూర్చోనివ్వలేదు పిన్నీ అన్నాను. విన్నదో లేదో తెలియదు. ఆ వారంలోనే పోయింది.

ఈమధ్య మనసు ఆగక పాలెం వెళ్ళొచ్చాను. తాటాకు ఇళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాయి. చేపలు వచ్చినవి వచ్చినట్టే ఐసు పెట్టెల్లో లారీలెక్కి పోతున్నాయి. ఎండబెట్టే పని తగ్గి, ఆడవాళ్ళు పట్టపగలే గడపల్లో కూర్చుని ఉంటున్నారు. ఇప్పుడు ఏ సర్వే వాళ్ళు ఏ వేళకు వెళ్ళినా తలుపులు తీసే ఉంటాయి, రాసుకోవడానికే అక్కడ సంపాదన లేదు. పిన్ని అరుగు ఉన్నచోట ఎవరో కొత్తవాళ్ళు ఉంటున్నారు. కాసేపు అక్కడ నిలబడితే ఒకావిడ బయటికి వచ్చి, "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగింది.