డబుల్ బేస్, ఇనుప బీరువా, నా ఉద్యోగం

మా వంశంలో డిగ్రీ పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ డిగ్రీ సంగీతంలో కావడం, నేను జాజ్ బృందాల్లో డబుల్ బేస్ వాయించేవాణ్ణి కావడం సూరత్‌కు వలసవచ్చి ముప్పై ఏళ్లు సాంచ, అంటే మరమగ్గం, నడిపిన నాన్నగారికి చాలాకాలం మింగుడుపడలేదు. డబుల్ బేస్ అంటే మనిషికన్న ఎత్తుండి, నాలుగు లావుపాటి తీగలతో మంద్రంగా పలికే వాద్యం. సూరత్ శివారు వడోద్‌లోని మా రెండు గదుల ఇంట్లో దానికి చోటివ్వడానికి అమ్మ కుట్టుమిషన్ వంటింట్లోకి వెళ్లవలసి వచ్చింది.

ముంబయి హోటళ్లలో పదేళ్లు వాయించాక, సూరత్‌లోనే ఒక విశ్వవిద్యాలయంలో తాత్కాలిక అధ్యాపకుడిగా చేరాను. ఏడాది తిరగకముందే కరోనా వచ్చి తరగతులన్నీ లాప్‌టాప్‌లోకి మారాయి. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ముగ్గురు పరీక్షకుల ముందు ఆన్‌లైన్‌లోనే ఒక పాఠం చెప్పి చూపాలన్నారు.

నాకు బెంగ లేదు. నాలుగు నెలలుగా ప్రతి తరగతి చివర విద్యార్థులు "సూపర్ సర్" అని రాస్తూనే ఉన్నారు. పరీక్షకు ముందురోజు మాత్రం ఒక విద్యార్థిని వినయంగా అడిగింది: "సర్, మీరు వాయించడం ఎప్పుడు మొదలుపెడతారు?"

విచారించగా, ఆ మీటింగ్ యాప్ నా వాద్యాన్ని ఫ్యాను మోతగా భావించి శ్రద్ధగా తుడిచేస్తున్నదని తేలింది. ఆ సదుపాయాన్ని ఆపి చూశాను. అయినా లాప్‌టాప్ మైకుకు ఆ మంద్రస్వరాలు అందలేదు.

నాన్నగారు కాసేపు చూసి అన్నారు: "సాంచల కాడ చెవులు పనిజెయ్యవు బిడ్డా. నేల అదురుడును బట్టి మగ్గం ఎట్లున్నదో చెప్తం. దీన్ని గా బీరువకు ఆనిచ్చి కొట్టు."

ఆనించి మీటాను. బీరువాలోని స్టీలు గిన్నెలు స్వరస్వరానికీ గలగలలాడాయి. ఆ గలగల మాత్రం మైకులో స్పష్టంగా వినిపించింది.

అమ్మ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "గిన్నెలు సొట్టలు వడ్డయనుకో, తండ్రినీ కొడుకునూ ఒక్కతీరుగ డప్పులెక్క సగవెడ్త!"

మర్నాడు పాఠం చక్కగా సాగింది. గిన్నెలు జారిపడకుండా నాన్నగారు బీరువా తలుపు ఓరగా పట్టుకున్నారు. నేను సైగ చేసినప్పుడల్లా అమ్మ సందులోంచి గిన్నెల మూతల మీద చేయి పెట్టి చప్పుడు ఆపింది.

"డ్రమ్స్ ఎవరు వాయిస్తున్నారు? చాలా నిగ్రహం ఉంది," అన్నారు మూడో పరీక్షకుడు.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "సర్, అది బీరువా."

"చూపించండి," అన్నారు పరీక్షకుల్లో ఒకరైన మా విభాగాధిపతి.

లాప్‌టాప్ తిప్పాను. అమ్మ కొంగు సర్దుకుంది. నాన్నగారు తెర దగ్గరికి వంగి, "సాబ్, లడ్కే కీ నౌకరీ పక్కీ హై నా?" అంటూ నా ఉద్యోగం ఖాయమేనా అని హిందీలో అడిగేశారు.

"ఏందయ్యా, గట్లడుగుతరా!" అంది అమ్మ.

విభాగాధిపతి నవ్వు ఆపుకోలేక, "పక్కీ, కాకా, పక్కీ," అన్నారు. వెంటనే గొంతు సవరించుకొని, నిర్ణయం రాతపూర్వకంగా అందుతుందని చెప్పారు.

నాన్నగారు మాత్రం "పక్కీ" వరకే విన్నారు. పట్టుకున్న తలుపు వదిలేసి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. తలుపు తెరుచుకుని గిన్నెలన్నీ ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. మూడో పరీక్షకుడు అది పాఠానికి ముగింపు అనుకొని, చాలాసేపు చప్పట్లు కొట్టారు.