మిగిలిన మాత్ర

రెడ్డియార్‌పాళయంలో బస్సెక్కేసరికి గుటక మింగలేనంతగా గొంతు నొప్పి పుడుతోంది. అమ్మకు ఫోన్ చేసి, "మా ఆయన పంటినొప్పికి డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ ఒకటి మిగిలిందిమా, అదే వేసుకుంటా" అని చెప్పాను. ఫోన్ పెట్టేసి మాత్ర నోటి దాకా తెచ్చాను.

పక్క సీటులోని పెద్దామె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. మాత్ర జారి కింద పడిపోయింది.

"ఏందక్కా ఇది?" అన్నాను కోపంగా.

"అది నీకు రాసిచ్చింది కాదు గదమ్మా," అంది. "మా చెల్లికీ గొంతునొప్పే. నాకు మిగిలిన మాత్ర నేనే ఇచ్చినా. కొంచెం సేపటికే మొగమంతా వాచిపోయింది, ఊపిరి ఆడలే. ఆస్పత్రికి పోతా ఉంటే ఆటోలోనే, నా ఒళ్ళోనే పోయింది. ఆ మందు దానికి పడదని మాకు యాడ తెలుసు?"

తన స్టాపు వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

నేను ఆ బస్సు దిగి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇదివరకు ఏ మందైనా పడలేదా అని ఆయన అడిగితే, తెలియదన్నాను. టార్చి వేసి గొంతు చూసి, "ఇది జలుబు నొప్పి. దీనికి యాంటీబయాటిక్ అక్కరే లేదు, ఉప్పునీళ్ళు పుక్కిలించండి," అన్నాడు.

మూడు రోజుల్లో నొప్పి దానంతటదే తగ్గిపోయింది. తగ్గిన పొద్దున, వంటింట్లో నిలబడి, నేనెన్నడూ చూడని ఆ చెల్లెలి కోసం ఏడ్చాను.