మా మేనత్త పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు గురజాలలో మా మేనత్త హస్తవాసి గురించి చెప్పుకోని వీధి లేదు. బస్టాండుకు దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె నర్సు. అక్కడి కాన్పులన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. ఆమె చేతిలో పడ్డ బిడ్డకు అన్నప్రాసన చేస్తే, కన్నతల్లి తర్వాత రెండో ముద్ద ఆమె చేత పెట్టించడం చుట్టుపక్కల ఊళ్ళలో అలవాటైపోయింది. నేను కూడా ఆమె కొంగు పట్టుకుని వెళ్ళి పాయసం తాగి వచ్చేదాన్ని. అలాంటి చేతుల్ని పదిమందిలో రోగిష్టి చేతులన్న మనిషిని నేను ఈ వయసులో కూడా క్షమించలేదు. వయసు పైబడితే కోపాలు వాటంతటవే పోతాయని అంటూ ఉంటారు. నాకు మోకాళ్ళు అరిగాయి గానీ ఆ కోపం అరగలేదు.

అప్పట్లో గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవి కావు. వాడినవాటిని కడిగి, దండెం మీద ఆరేసి, లోపలా బయటా తెల్లటి పౌడరు చల్లి, డబ్బాలో పెట్టి ఆవిరి పట్టించి మళ్ళీ వాడేవారు. ఆ పనంతా మా మేనత్తదే. నేను మధ్యాహ్నం క్యారియరు తీసుకువెళ్తే ఆమె ఆ చిన్న గదిలో పౌడరు దుమ్ము మధ్య కూర్చుని వరసగా తుమ్ముతూ ఉండేది. మొదట్లో వేళ్ళ సందుల్లో దురద అనేది. తర్వాత చేతులు ఎర్రబడ్డాయి, నీటి పొక్కులు లేచాయి, చర్మం పగిలింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయాసంతో అరుగు మీదే కూలబడి, కాసేపటి దాకా మాట్లాడలేకపోయేది.

ఎందుకిలా అయిందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు, మిరపకాయలు. మాకు ఊరి పక్కనే మిరప చేను ఉండేది. కోతలైతే ఇంట్లో సగం కాయల కుప్పే. తొడిమలు తీసి చేతులు మండని ఆడది పల్నాడులో ఉంటుందా? నాయనమ్మ వెన్న రాసేది. ఆసుపత్రి డాక్టరుగారు కుర్చీలోంచి లేవకుండానే కారం పడలేదని తేల్చేశారు. ఆ కారం నుంచి చేతుల్ని కాపాడుకోవాలని మా మేనత్త ఒక ఉపాయం చేసింది. చిరిగి పక్కన పడేసిన ఆసుపత్రి గ్లౌజులు ఇంటికి తెచ్చి, అవి తొడుక్కుని తొడిమలు తీసేది. అలా తీసిన రోజు చేతులు మరీ అధ్వాన్నమయ్యేవి. దాంతో మా అందరికీ మిరపకాయల మీద ఉన్న అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. ఈ పొరపాటు మిరపకాయల ఊళ్ళవాళ్ళం మేం తప్ప ఇంకెవరూ చేయలేరు.

ఆసుపత్రి పెత్తనమంతా డాక్టరుగారి భార్యది. ఆవిడ డాక్టరు కాదు, కానీ మందులు రాయడం ఒక్కటి తప్ప అన్నీ ఆవిడే. ఒకరోజు వరండాలో, రోగులూ వాళ్ళ తాలూకు మనుషులూ కిక్కిరిసి ఉండగా, మా మేనత్త ఒక పసిబిడ్డను తెచ్చి ఆ బిడ్డ నాయనమ్మ చేతికి ఇవ్వబోయింది. ఆ ముసలామె పగిలిన చేతులు చూసి వెనక్కి తగ్గింది. అప్పుడే అక్కడికొచ్చిన డాక్టరుగారి భార్య బిడ్డను లాక్కున్నంత పని చేసి, అందరూ వినేట్టు అంది.

"గజ్జి చేతులతో పిల్లల్ని ముట్టుకుంటావా? అది అంటురోగం. రేపటి నుంచి రాబాకు."

ఆ మాటతో ఆగలేదు. ఆయాను పిలిచి మా మేనత్త కూర్చునే స్టూలు మీద డెట్టాలు నీళ్ళు పోయించింది. నేను క్యారియరు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నీళ్ళు స్టూలు మీద నుంచి కారి నా పాదాల దాకా వచ్చాయి. ఇన్నేళ్ళయినా డెట్టాలు వాసన వస్తే నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి.

ఆ రోజు సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. పిలిచిన అన్నప్రాసన ఒకటి ఆగిపోయింది. ఇంజెక్షన్లకు ఇంటికొచ్చేవాళ్ళు మానేశారు. కూరలమ్మే ఆమె చిల్లరను చేతిలో పెట్టకుండా గట్టు మీద పెట్టడం మొదలుపెట్టింది. అన్నిటికంటే ఘోరం, మా నాయనమ్మే కన్నకూతురికి కంచం విడిగా పెట్టింది. పిల్లలున్న ఇల్లు గదా అని గొణిగింది. మా మేనత్త ఆ కంచంలోనే తిని, కడిగి, గోడకు ఆనించి పెట్టింది. ఏడవలేదు. ఒక్కటే మాట అంది.

"ఆ మాటన్న నోటితోనే జవాబు చెప్పిస్తా."

నాకు తొమ్మిదేళ్ళు. జవాబు చెప్పించడానికి నాకు తెలిసిన దారి ఒకటే. కాగితంలో గుప్పెడు కారం పొట్లం కట్టి, డాక్టరుగారి భార్య గుడికి వెళ్ళేటప్పుడు కళ్ళలో కొట్టాలని లంగా చెరుగున ముడేసుకున్నాను. మా మేనత్త చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. పొట్లం విప్పి కారాన్ని మళ్ళీ డబ్బాలో పోసింది.

"కారం వాడటానికీ ఒక పద్ధతి ఉందే పిచ్చిదానా. ముందు నా చేతులకేమయిందో నాకు తెలియాల. తెలియకుండా పోట్లాటకి పోతే దాని మాటే నిజమయిద్ది."

మరుసటి సోమవారం నన్ను వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. గుంటూరులో చర్మం డాక్టరమ్మ పెద్దావిడ. చేతుల్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, తిప్పి తిప్పి, తన వేళ్ళతో పట్టుకుని చూసింది. ఆ పట్టుకోవడం చూసే నాకు సగం ప్రాణం వచ్చింది. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో తగ్గుతుందా, డ్యూటీకి వెళ్ళగానే తిరగబెడుతుందా, తుమ్ములు ఏ గదిలో వస్తాయి అని ఒక్కొక్కటే. సెలవుల్లో తగ్గేదని, మిరపకాయలు తీసే సెలవులో మాత్రం తగ్గేది కాదని మా మేనత్త చెప్పింది.

"కాయలు తీసేటప్పుడు చేతులకేమన్నా వేసుకుంటావా?"

"మా ఆసుపత్రి గ్లౌజులే వేసుకుంటానండీ, కారం తగలకుండా."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. బెలూన్లు ఊదితే పెదాలు వాస్తాయా, అరటిపండు తింటే గొంతు దురద పెడుతుందా అని అడిగింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా తమ్ముడి పుట్టినరోజుకు బెలూన్లు ఊదిన సాయంత్రం ఆమె పెదాలు వాచిపోయి, నాయనమ్మ అది వంకాయ కూర వల్లేనని తేల్చిన సంగతి మా ఇద్దరికీ గుర్తొచ్చింది.

డాక్టరమ్మ ఒక రబ్బరు గ్లౌజు నుంచి వేలు ఒక్కటి కత్తిరించి, మా మేనత్త కుడిచేతి వేలు తడిపి దానికి తొడిగింది. ఎడమచేతి వేలికి మామూలు ప్లాస్టిక్‌ది తొడిగింది. ఊపిరి ఆడకపోతే ఇవ్వడానికి పక్కనే సిరంజీలో మందు ఎక్కించి సిద్ధంగా పెట్టుకుంది. కాసేపటికి రెండూ తీస్తే, ప్లాస్టిక్ తొడిగిన వేలు శుభ్రంగా ఉంది. రబ్బరు తొడిగిన వేలు ఎర్రగా పొంగి, దద్దుర్లు లేచి ఉంది. గ్లౌజులు చేసేది రబ్బరు చెట్టు పాలతోనట. ఆ పాలు కొందరి ఒంటికి పడవట. రోజూ తగిలేకొద్దీ పడకపోవడం ముదురుతుందట, పౌడరుతో పాటు గాలిలో లేచి ఊపిరి గొట్టాల్లోకి కూడా పోతుందట. ఇంకొన్నాళ్ళు ఆ గదిలోనే కూర్చుని ఉంటే ఏదో ఒకరోజు ఊపిరి ఆడక పోయేదానివని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇది ఎవరికీ అంటేది కాదని కూడా చెప్పింది. ఆ మాట మా మేనత్త మళ్ళీ చెప్పించుకుని విన్నది. చీటీ రాసిస్తాను, మీ ఆసుపత్రిలో చూపించమంది డాక్టరమ్మ.

"చీటీ చూపిస్తే చింపిద్దండీ. చేతులే చూపిస్తా."

తిరుగు బస్సులో మా మేనత్త మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం కంటే వేరే ఏదో ఎక్కువగా ఉంది, నాకది చాలా నచ్చింది.

ఆ తర్వాత ఆమె తొందరపడలేదు. ఇంట్లో ఉన్న గ్లౌజులన్నీ పారేసింది. రోజూ వట్టి చేతులతోనే కాయల తొడిమలు తీసింది. మంటకు చేతులు చల్లనీళ్ళలో పెట్టుకునేది గానీ పొక్కు ఒక్కటి లేవలేదు. పాత పగుళ్ళు మానాయి, ఆయాసం పోయింది. నాయనమ్మ ఆ చేతుల్ని చూసి, విడిగా పెట్టిన కంచాన్ని నోరెత్తకుండా లోపలికి తీసుకుపోయింది. మా మేనత్త ఆమెను ఏమీ అనలేదు. ఆ కోపమంతా ఒకే మనిషి కోసం దాచిపెట్టింది.

ఆసుపత్రి కిటకిటలాడే రోజు చూసుకుని, మిరపకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని, చిన్న క్యారియరు నా చేతికిచ్చి బయలుదేరింది. అదే వరండాలో, డెట్టాలు పోసిన అదే స్టూలు మీద కూర్చుని వట్టి చేతులతో తొడిమలు తీయడం మొదలుపెట్టింది. జనం మూగారు. డాక్టరుగారి భార్య వచ్చి ఏందీ నాటకం అంది. మా మేనత్త లేవలేదు. చేతులు కడుక్కుని, అందరి ముందూ చాపి చూపించింది. నున్నగా ఉన్నాయి. డాక్టరుగారిని పిలిపించమని, ఇంజెక్షను సిద్ధంగా పెట్టుకుని రమ్మని చెప్పింది. ఆయన వచ్చాక, వాళ్ళ గ్లౌజులోంచే ఒక వేలు కత్తిరించి ఆయన చేతే తన వేలికి తొడిగించుకుంది. ఒక్క వేలికి మించి వద్దు, డాక్టరు పక్కన లేకుండా అసలే వద్దు అని గుంటూరు డాక్టరమ్మ హెచ్చరించింది మరి.

వేలు పొంగింది. ఆమె తుమ్మడం మొదలుపెట్టింది. డాక్టరుగారు గబగబా ఆ తొడుగు లాగేసి, వేలు కడిగించి, చాలాసేపు ఆ చెయ్యి వదలకుండా కూర్చున్నారు. చివరికి తల ఎత్తకుండానే, ఇది అంటేది కాదు, మన గ్లౌజుల వల్ల వచ్చింది, నేను సరిగా చూడలేదు అన్నారు. ఆయన భార్య ముఖం కందగడ్డలా అయింది. సర్లే, రేపటి నుంచి వచ్చి బల్ల దగ్గర రోగుల చీటీలు రాద్దువుగానిలే అంది, దానం చేస్తున్నట్టు.

మా మేనత్త నా చేతిలోంచి క్యారియరు తీసుకుంది. అందులో అన్నం, పండుమిరపకాయల పచ్చడి. ఆ పచ్చడి ఆమె ఆ పొద్దునే ప్రత్యేకంగా నూరింది. నెయ్యి వేయలేదు. నెయ్యి మర్చిపోయావత్తా అని నేనంటే, మర్చిపోలేదంది. ఆ అన్నాన్ని తన చేత్తో కలిపి, ముద్ద చేసి, డాక్టరుగారి భార్య ముందు నిలబడింది.

"నా చెయ్యి అంటురోగమన్న నోరే గదమ్మా అది. తెరువు."

ఆవిడ భర్త వైపు చూసింది, ఆయన నేల చూశారు. జనంలోంచి ఒక ముసలామె, "తిను తల్లే, అంటదని మీ ఆయనే చెప్పె గదా" అంది. తినకపోతే మొగుడి మాట అబద్ధమవుతుంది, తింటే తన మాట అబద్ధమవుతుంది. ఆవిడ నోరు తెరిచింది. మా మేనత్త పసిబిడ్డకు పెట్టినంత ఓపికగా ముద్ద పెట్టింది. ఆవిడ కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారగా కారాయి. మంచినీళ్ళ కోసం చెయ్యి చాపితే మా మేనత్త రెండో ముద్ద అందించింది. అదీ తిన్నాకే నన్ను నీళ్ళివ్వమంది. నేను చాలా నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి తెచ్చాను.

మా మేనత్త ఆ ఆసుపత్రిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. సత్తెనపల్లిలో ఇంకో చోట చేరి, ప్లాస్టిక్ గ్లౌజులే వేసుకుంటానని మొదటి రోజే చెప్పి, రిటైరయ్యేదాకా కాన్పులు చేసింది. అన్నప్రాసన పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. ఆమెకు కంటి ఆపరేషను చేసినప్పుడు రబ్బరు గ్లౌజు ఒక్కటి కూడా గదిలోకి రాకూడదని నేను ఆ ఆసుపత్రివాళ్ళందరి ప్రాణం తీశాను. డాక్టరుగారి భార్య పోయిందని కబురొచ్చిన రోజు మా మేనత్తకు ఫోను చేసి చెప్పాను. ఆ రోజు వరండాలో మూడో ముద్ద కూడా పెట్టి ఉండాల్సింది అంది. నేను కూడా అదే అనుకుంటున్నానని చెప్పాను.

ఆ వరండాలో నేర్చుకున్నదాన్ని నేను ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను. మా ఆఫీసులో ఒక అమ్మాయి పొద్దస్తమానం దగ్గుతోందని, టీబీ అయి ఉంటుందని గుసగుసలాడి ఆమె కుర్చీని మూలకు జరిపారు. నేను ఎవరితోనూ గొడవ పడలేదు. సెలవు పెట్టి ఆ అమ్మాయిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించాను. టీబీ కాదు, ఆమె కూర్చునే చోటి పాత ఫైళ్ళ దుమ్ము పడటం లేదని తేలింది. ఆ మర్నాడు కుర్చీ జరిపినవాళ్ళందరినీ పేరుపేరునా తర్వాతి రోజు మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. వడ్డన ఆ అమ్మాయి చేతే చేయిస్తానని ముందే చెప్పాను. ఇంటికెళ్ళి రోలు కడిగి, పండుమిరపకాయల పచ్చడి నూరుకున్నాను. నెయ్యి కొనలేదు.