వెనక్కి నడిచే పరబ్రహ్మం

పరబ్రహ్మంగారు వెనక్కి నడుస్తారు. తిరువూరులో ఆయన ఎదురుపడగా చూసినవాళ్ళకంటే, ఆయన వీపు తగిలి సైకిలు మీంచి పడ్డవాళ్ళే ఎక్కువ.

మొదట్లో ఇలా ఉండేవారు కాదు. ఫిల్ము రోజుల్లో ఆయనది చాలా పద్ధతైన బతుకు. తన ఫోటో స్టూడియోలో కెమెరా స్టాండు మూడు కాళ్ళకీ నేలమీద మూడు ఎర్ర చుక్కలు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ చుక్కలు దాటకుండా తాలూకాలో సగం మంది మొహాలు తీశారు. 2005లో విజయవాడ వెళ్ళి డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చారు. కాలంతోపాటు మారాలి కదా! అయితే మార్పు మరీ ఎక్కువైతే ఒంటికి పడదేమోనని, పాత లెన్సునే తెచ్చి కొత్త కెమెరాకి బిగించారు.

బిగించి చూస్తే బొమ్మకి నాలుగువైపులా అంచులు మాయం. చుక్కల దగ్గర నిలబడి తీస్తే మొగుడు వస్తున్నాడు, పెళ్ళాం రావడం లేదు. ఇద్దరూ రావాలంటే ఫోటో తీసేవాడు వెనక్కి వెళ్ళాలి. ఇంకొకరైతే వేరే లెన్సు పెట్టేవారు. పరబ్రహ్మంగారు వీధి తలుపు తీసి, మెట్లు దిగి, మురిక్కాలవ దాటి, రోడ్డు మధ్యలో నిలబడి లోపల కూర్చున్న సంసారాన్ని ఫోటో తీశారు. ఎ.కొండూరు బస్సువాడు హారను కొడితే, "ఉండవయ్యా, ఇప్పుడే పిల్లాడు నవ్వుతున్నాడు" అని చెయ్యి అడ్డం పెట్టారు.

అప్పటినుంచి ఆయన భార్య కమలాంబకి కొత్త ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, సెలవు లేదు. ఆయన ముందువైపు చూస్తుంటే, వెనకవైపు ఈవిడ చూడాలి.

"ఏమండీ, గేదె!"

"ఫ్రేములో లేదే."

"మీ వెనకుంది!"

"వెనకున్నదాంతో మనకేం పని, కమలా?"

పని ఉందో లేదో గేదె తేల్చేసేది. రాత్రికి నడుముకి కాపడం పెడుతూ కమలాంబ అడిగేది.

"కెమెరాతోపాటు కొత్త లెన్సు ఇచ్చారుగా? దాంతో ఉన్నచోటే నిలబడి వీధివీధంతా తియ్యొచ్చని షాపతను నా ఎదురుగానే చెప్పాడు. బీరువాలో దానికి పూజ చేస్తున్నారా?"

"అది ప్లాస్టిక్కే."

"మన బకెట్టూ ప్లాస్టిక్కే. నీళ్ళు పట్టట్లేదూ?"

దానికి పరబ్రహ్మంగారు అటు తిరిగి పడుకునేవారు.

గంపలగూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళారు. వధూవరుల వెనక చుట్టాలు పెరిగిన కొద్దీ ఈయన వెనక్కి తగ్గుతూ తగ్గుతూ పందిరి దాటి, వంటవాళ్ళు తరిగిపెట్టిన గుమ్మడికాయ ముక్కల గంగాళంలో కూర్చున్నారు. లేవడానికి వీల్లేక అక్కణ్ణించే తీశారు. ఫోటో అద్భుతమని పెళ్ళివారన్నారు. పులుసు గురించి ఎవరూ ఏమీ అనలేదు, తెలిసినవాళ్ళు వడ్డించుకోలేదు.

ఇలా ఉండగా, వినగడప స్కూలు నుంచి కబురొచ్చింది. స్కూల్లో ఆయాగా పనిచేసే చిట్టెమ్మ ఆ రోజు రిటైరవుతోంది. స్టాఫంతా ఫోటో దిగాలి. ఈసారి కమలాంబ ఊరుకోలేదు. బీరువా తీసి, కొత్త లెన్సుని సంచిలో అడుగున దోపింది.

వెళ్ళేసరికి హెడ్మాస్టరు రామనాథ్‌గారు కుర్చీలు వేయించి సిద్ధంగా ఉన్నారు. మధ్యలో ఆయన, అటూ ఇటూ హోదా తగ్గుతున్న కొద్దీ టీచర్లు. సన్మానం చిట్టెమ్మది కాబట్టి ఆమె మెడలో దండ వేశారు. ఆయా కాబట్టి వరస చివర నిలబెట్టారు. రెండో చివర వాచ్‌మన్ ఏసురత్నం.

"ఇవాళైనా నేను పడతానా అయ్యగారూ?" అని చిట్టెమ్మ నెమ్మదిగా అడిగింది. "ప్రతి ఏడూ నిలబడతాను. ఫోటోలో చూస్తే నా భుజం దాకానే ఉంటది. మా మనవరాలు గ్లోరి 'ఈ చెయ్యెవరిది నాయనమ్మా' అంటది."

పరబ్రహ్మంగారు పాత లెన్సు పెట్టుకుని వెనక్కి బయల్దేరారు. పది అడుగులేయగానే ఆవరణ అయిపోయింది. వెనక నీళ్ళ బోదె, దాని అవతల నాట్లకోసం దమ్ము చేసి ఉంచిన మడి. మోకాలు లోతు బురద. చిట్టెమ్మ ఇంకా సగమే పడుతోంది.

"చిట్టెమ్మని మధ్యలో కూర్చోబెడితేనో సార్?" అన్నారు పరబ్రహ్మంగారు.

"గ్రేడు ప్రకారం వేశాం కుర్చీలు" అన్నారు హెడ్మాస్టరు. "ఎండ మండుతోంది. చివరివాళ్ళు రాకపోతే పోనీండి, తీసేయండి."

చిట్టెమ్మ దండ సర్దుకుంటూ కిందికి చూసింది. కమలాంబ గబగబా కొత్త లెన్సు బయటికి తీసింది. "ఇదుగోనండీ, పెట్టండి! అందరూ పడతారు."

పరబ్రహ్మంగారు ఆమె వంక ఒకసారి చూసి, లెన్సు మార్చి నొక్కారు. నిజంగానే ఉన్నచోటు నుంచే అందరూ పడ్డారు. కమలాంబ విజయగర్వంతో వెనకున్న చిన్న తెరలోకి తొంగిచూసింది.

మధ్యలో హెడ్మాస్టరు చక్కగా ఉన్నారు. పక్కన టీచర్లు ఫరవాలేదు. చివర చిట్టెమ్మ తలకాయ పక్కకి సొరకాయలా సాగింది. రెండో చివర ఏసురత్నానికీ అదే గతి.

"ఈ లెన్సు అంచున ఉన్నవాళ్ళని సాగదీస్తుంది" అన్నారు పరబ్రహ్మంగారు, భార్యకి మాత్రమే వినపడేలా. "అంచుల్లో ఎప్పుడూ ఎవర్ని నిలబెడతారో నువ్వే చూడు. ఇంటికెళ్ళి చూసుకుని వాళ్ళే నవ్వులపాలవుతారు."

"మరి నాతో ప్లాస్టిక్ అన్నారే?"

"ప్లాస్టిక్కేగా మరి!"

హెడ్మాస్టరు వచ్చి తొంగిచూసి, "నేను బాగానే ఉన్నానే. ఇది చాలు, ప్రింటు వేయండి" అన్నారు.

పరబ్రహ్మంగారు ఆ బొమ్మని చెరిపేసి పాత లెన్సు బిగించారు. మొగుడి మీద కమలాంబకి పెళ్ళైన కొత్తలో కూడా అంత ముద్దు రాలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆయనకంటే ముందే బోదె దాటి మడిలోకి దిగింది. ఆయన చొక్కా అంచు పట్టుకుని, "రండి. ఇంకా రండి. నేనున్నాగా, రండి" అంటూ బురదలో లాక్కుపోయింది. స్టాఫంతా హోదాలు మరిచిపోయి నోళ్ళు తెరుచుకు చూస్తున్నారు. మడి మధ్యకి వెళ్ళాక ఈ చివర చిట్టెమ్మ, ఆ చివర ఏసురత్నం నిండుగా పడ్డారు. పరబ్రహ్మంగారు తాపీగా ఫోకసు తిప్పి నొక్కారు.

వారం తర్వాత ప్రింట్లు పట్టుకుని దంపతులిద్దరూ మళ్ళీ స్కూలుకి వెళ్ళారు. రిటైరైనా, తన ఫోటో కోసం చిట్టెమ్మా వచ్చింది. హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేంటండీ పరబ్రహ్మంగారూ! అంత దూరం నుంచి తీస్తే ఎలా? నేనూ ఆయమ్మా ఒకే సైజులో వచ్చాం!"

"అవునండి సార్" అంది చిట్టెమ్మ, చేతిలో ఉన్న ఫోటో వదలకుండా. "నేనూ అదే చూస్తన్నా."